పుంటికూర కాని చెట్టు

శకుంతల తమ్ముడింటికి వచ్చి మూడు రోజులు కూడా కాలేదు, మరదలు ప్రాణంగా పెంచుకుంటున్న చెట్టు ఆకులన్నీ దూసి పచ్చడి నూరింది. ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే, ఇదెక్కడి ఆడబిడ్డమ్మా, కావాలనే చేసి ఉంటుందని మీరనుకుంటారు. కావాలని చేసే మనిషి కాదు. ఆమెలో కల్మషం లేదు, మోకాళ్లలో నొప్పులున్నాయి, అంతే.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆమెది చిన్న కిరాణం దుకాణం. పిల్లల్లేరు. మొగుడు పోయాక చాలా ఏళ్లు ఒంటిచేత్తో నడిపింది. పప్పులు తూచింది, ఉద్దెర బేరగాళ్లను గదమాయించింది, పండగ పూట కూడా గల్లాపెట్టె ముందు నుంచి లేవలేదు. చివరికి మోకాళ్లు అరిగి దుకాణం మెట్లెక్కడమే గగనమైపోయింది. అప్పుడు తమ్ముడు వెంకట్రాజం ట్రాలీ ఆటో కట్టించుకొని వచ్చి, "ఇగ చాలక్కా, నడువు" అని సామాన్లతో సహా హనుమకొండకు తోలుకొచ్చాడు. నయీంనగర్ గల్లీలో అతని ఇల్లు, చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. దుకాణంలో అతనూ భార్య పద్మలతా ఇద్దరూ కూర్చుంటారు. కూతురు లావణ్యకు పెళ్లయింది, అల్లుడికి డోర్నకల్‌లో రైల్వే పని.

వచ్చిన రోజు నుంచి పద్మలత ఆడబిడ్డను కాలు కింద పెట్టనివ్వలేదు. గిన్నె ముట్టుకుంటే "మీరు కూసోండి వదినె" అంటుంది. చీపురు అందుకుంటే "అయ్యో, మీరు కూసోండి" అంటుంది. పొద్దున లేవగానే మంచం దగ్గరికే చాయ్ వస్తుంది. అన్నానికి అందరికంటే ముందు కంచం ఆమెకే. చూసిన వాళ్లు ఏమంటారు? ఎంత మర్యాదస్తురాలో అంటారు. శకుంతల కూడా మొదటిరోజు అట్లాగే మురిసిపోయింది. రెండో రోజు సాయంత్రానికి ఆమెకు గుబులు పట్టుకుంది. చుట్టానికైతే ఈ మర్యాదలన్నీ సరే, నాలుగు రోజులుండి పోతుంది. తను పోవడానికి రాలేదు గదా! దుకాణం ఖాళీ చేసి, తాళంచెవి ఇంటి యజమాని చేతిలో పెట్టి వచ్చిన మనిషి. ఇంతకీ తను ఈ ఇంట్లో చుట్టమా, ఇంటిమనిషా? అదొక్కటి తేలితే చాలు ఆమెకు. కానీ నోరు తెరిచి అడిగి తెలుసుకునే మాట కాదది.

మూడో రోజు పొద్దున మొగుడూ పెళ్లాలు దుకాణానికి తయారయ్యారు. పెళ్లిళ్ల రోజులు, బిందెలూ బేసిన్లూ కొనేవాళ్లతో దుకాణం కిటకిటలాడుతోంది. మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఇద్దరూ ఇంటికొస్తారు.

"ఫ్రిజ్‌ల పప్పున్నది వదినె. నేనొచ్చి కూర చేస్త. మీరు టీవీ చూసుకుంట కూసోండి" అని పద్మలత చెప్పులేసుకుంది.

శకుంతల టీవీ ముందు కూర్చుంది. జీవితంలో పొద్దుటిపూట కూర్చుని ఎరగని మనిషి, ఎంతసేపని కూర్చుంటుంది? తమ్ముడికి ఇష్టమైనదేదో ఒకటి చేసి పెడదామని లేచింది. వాడికి చిన్నప్పటి నుంచీ పుంటికూర పచ్చడంటే, అదే గోంగూర పచ్చడంటే, ప్రాణం. అది కంచంలో ఉంటే మరోటి అడగడు. పుంటికూర కోసం అంగడికి పోయే ఓపిక లేక ఊరికే పెరట్లోకి తొంగి చూసింది.

అదిగో, కనిపించింది! సపోటా చెట్టు నీడలో, పక్కింటి గోడ వారగా, చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్న చోట నడుమెత్తు మొక్క. ఎర్రెర్రని ఆకు, ఒక్కో ఆకూ విప్పిన వేళ్లలాగా చీలికలు చీలికలుగా ఉంది. ఎర్ర పుంటికూర కాక ఇంకేమిటి? ఘన్‌పూర్‌లో ఆమె దుకాణం వెనక కూడా వదిలేస్తే మనిషెత్తు పెరిగేది. ఇది ముదిరి కాండం మానుబారింది గానీ ఆకు మాత్రం లేతగా నిగనిగలాడుతోంది. 'కూర ఇంటెనుక పెట్టుకొని ఈ పిల్ల అంగట్ల కూరగాయలు కొనుకొస్తాంది, పట్నపోళ్ల తెలివి' అనుకుంది.

ఆకు నమిలి చూసిందా అంటే చూడలేదు. పుంటికూరను నమిలి చూసి కోసేవాళ్లు కూడా ఉంటారా? పైగా పుంటికూర సంగతి వంట చేసే వాళ్లందరికీ తెలుసు, చాటెడు ఆకు వేయిస్తే పిడికెడు అవుతుంది. ముగ్గురికీ సరిపోవాలంటే ఒక కొమ్మా రెండు కొమ్మలా చాలవు. అందుకని చెట్టంతా దూసేసింది. పైన చిటారు కొమ్మకున్న నాలుగాకులు కూడా కొమ్మ వంచి మరీ కోసింది. మోకాళ్ల నొప్పి కూడా ఆ కాసేపు గుర్తు రాలేదు ఆమెకు.

పొయ్యి మీద వేస్తే ఆకు మగ్గదేమి! ఎంతసేపు వేయించినా పీచు పీచుగానే ఉంది. రుచి చూస్తే పులుపు జాడే లేదు. 'ఈ పట్నం బోరు నీళ్లకు పుంటికూర పులుపు సైతం చచ్చింది' అని తీర్మానించుకుని చింతపండు రెండింతలు వేసి, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు దట్టించి రోట్లో మెత్తగా నూరింది. తాలింపు పెట్టేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఈ ఇంట్లో మొదటిసారి తన చేతి వంట! ఆ సంబరం ఇంతా అంతా కాదు.

మధ్యాహ్నం వెంకట్రాజం కంచం ముందు కూర్చుంటూనే ముక్కెగరేశాడు.

"అక్కా, పచ్చడి నూరినవా? పుంటికూర యాడిదే? ఈ మోకాళ్లతోని అంగడికి పోయినవా ఏంది?"

"అంగడెందుకురా? పెరట్ల అంత మంచిగ పెరిగింది, కోసిన."

అన్నం వడ్డిస్తున్న పద్మలత చేతిలో గరిటె ఆగింది. గరిటె గిన్నెలో పెట్టి, వెనక తలుపు దాకా వెళ్లింది. అక్కడ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. వెంకట్రాజానికి అప్పటికే ముద్ద నోట్లో ఉంది. మింగలేదు, కక్కలేదు. పెరట్లో ఏముందో అతనికి తెలుసు. "అక్కా, అది..." అని ఏదో అనబోయాడు. అప్పుడే తిరిగొచ్చిన పద్మలత అతని వంక ఒక్క చూపు చూసింది. అతను నోరు మూసుకుని ముద్ద మింగాడు. శకుంతల నెయ్యి గిన్నె వెతుకుతూ ఇదేమీ గమనించలేదు.

పద్మలత వచ్చి కంచం ముందు కూర్చుంది. పచ్చడి వేసుకుంది, కలుపుకుంది, తిన్నది.

"ఎట్లున్నది పద్మా?"

"మంచిగున్నది వదినె."

"ఇంకింత వెయ్యనా?"

"వెయ్యండి."

ఆ రెండోసారి వేసింది కూడా మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, దుకాణానికి వెళ్లిపోయింది. శకుంతల గిన్నె అడుగు ఊడ్చి చూసుకుని, అంతా చెల్లిపోయిందని తృప్తిగా మంచమెక్కింది.

ఆ తృప్తి సాయంత్రం దాకానే. చల్లపూట పెరట్లో కూర్చుని ఉండగా గోడ అవతల నుంచి పక్కింటి షహనాజ్ బేగం తల కనబడింది. చేతిలో నీళ్ల బకెట్ ఉంది.

"యా అల్లా!" అని ఆమె బకెట్ గోడ మీదే పెట్టేసింది. "చెట్టుకేమైందక్కా? ఆకులేవీ?"

"ఏ చెట్టమ్మా?"

"గదే, మా పద్మక్క మేపుల్ చెట్టు! పొద్దుగాల నేను నీళ్లిచ్చినప్పుడు నిండుగ ఉండె. కోతులొచ్చినయా?"

కోతులు కావమ్మా, నేనే వచ్చిన అని శకుంతల మనసులోనే అనుకుంది. తడబడుతూ తడబడుతూ సంగతి చెప్పింది. షహనాజ్ బేగం రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. తిట్టలేదు పాపం. అది ఏం చెట్టో, ఎక్కడిదో మెల్లగా చెప్పుకొచ్చింది.

కొన్నేళ్ల కింద స్టీలు కంపెనీ వాళ్లు దుకాణాల వాళ్లను సిమ్లా తిప్పుకొచ్చారట. అక్కడ హోటల్ తోటలో ఈ చెట్టును చూసి పద్మలత కదలనంటే కదలనందట. బస్సు వాడు హారన్ కొడుతూనే ఉన్నాడట. చలికాలం ఆకు రాలుస్తుంది, ఎండ తగ్గితే ఎరుపెక్కుతుంది, పూవూ కాయా పనికొచ్చేవేమీ ఉండవు, చూసుకోవడానికే. ఇంటికొచ్చి ఆ కొండల్లోని నర్సరీ నుంచే తెప్పించుకుంది. మొదటిది వరంగల్ ఎండకు మాడింది. రెండోదాన్ని మాడనివ్వకూడదని నీళ్లు పోసీ పోసీ కుళ్లబెట్టింది. ఇది మూడోది, పెన్సిలంత పుల్ల వచ్చింది. బోరు నీళ్లలో ఉప్పుంటుంది, దానికి పడదు. అందుకని షహనాజ్ బేగం ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లను పద్మలత రోజూ బకెట్‌లో పట్టి పోస్తుంది. పడమటి ఎండ తగలకుండా గోనెపట్టా కడుతుంది. ఆకు కొసలు మాడితే ఆ రోజు అన్నం సరిగ్గా తినదు.

"నేనే అడిగిన ఒకసారి, ఎందుకు పద్మక్కా ఈ తిప్పలంత అని" అన్నది షహనాజ్ బేగం. "ఇంట్ల ఏది తెచ్చినా అందరికి పనికొచ్చేదే తెచ్చిన బేగం, నాకని అడిగి తెచ్చుకున్నది ఇదొక్కటే అన్నది."

శకుంతల గోడకు ఆనుకుని కూలబడింది.

"తిన్నది గదమ్మా! నా ముందల కూసోని తిన్నది! మంచిగున్నదన్నది! రెండోసారి ఏస్త అంటే వెయ్యండి అన్నది!"

చెట్టు పోయిన బాధ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తన సొంత చెట్టును పచ్చడిగా నూరిపెడితే, కన్నీటి బొట్టు రాల్చకుండా కలుపుకు తిన్నదంటే ఆ పిల్ల తనను ఎంత దూరం పెట్టినట్టు! ఇంట్లో వాళ్లయితే తిట్టుకుంటారు, గిన్నెలు విసురుకుంటారు, మళ్లీ రాత్రికి కలిసి తింటారు. చుట్టాన్ని ఎవరు తిడతారు?

పద్మలత దుకాణం నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకుంది. "పద్మా, నాకు ఎరుకలేక చేసిన. నన్ను తిట్టు. నీ నోటికొచ్చినన్ని తిట్టు."

"అయ్యో, గవేం మాటలు వదినె! చెట్టే గదా. మీకంటె ఎక్కువనా?"

అంతే. అని వంటింట్లోకి వెళ్లింది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా మోగాయి గానీ మనిషి గొంతు మాత్రం లేవలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. మెట్టినింట్లో పెద్దాడబిడ్డ ముందు నోరెత్తకూడదని పద్మలతకు తల్లి ఉగ్గుపాలతో పోసింది. కడుపులో ఎంత మంటున్నా పెదవి దాటనివ్వదు. ఏం చేస్తాం, కొందరి పెంపకం అంత గట్టిది.

మర్నాటి నుంచి పద్మలత పెరటి తలుపు తియ్యడం మానేసింది. బోసిపోయిన కొమ్మలను చూడలేకపోయింది. ఇక ఆ చెట్టు భారమంతా శకుంతల తలకెత్తుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టంటారు, ఈమెకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. మనసులో ఒక ఒప్పందం చేసుకుంది. చెట్టు బతికితే ఈ ఇంట్లో ఉంటుంది. ఎండిపోతే ఘన్‌పూర్ పోయి ఒక అర్ర కిరాయికి తీసుకుంటుంది. మరదలి గుండె ఎండబెట్టి ఆమె కంచంలో తినడం తనవల్ల కాదు. తమ్ముడికి చెప్పలేదు గానీ షహనాజ్ బేగానికి చెప్పింది. "ఫికర్ జెయ్యకక్కా, వేరు గట్టిది" అన్నదామె. అని రోజూ గోడ మీదికి బకెట్ అందించింది.

శకుంతల పొద్దున పోసింది, మధ్యాహ్నం పోసింది, మనసాగక సాయంత్రం కూడా పోసింది. ఒకరోజు పద్మలత తప్పనిసరై బట్టలు ఆరేయడానికని వచ్చి, ఆగి, చూసింది.

"ఆకు లేని చెట్టు నీళ్లు తాగది వదినె. వేరు కుళ్లుతది. మట్టిల వేలు పెట్టి చూసి, పొడిగుంటెనే పొయ్యండి" అన్నది. కోపం లేదు, చిరాకు లేదు. బ్యాంకులో అమ్మాయి చెప్పినట్టు చెప్పింది. పోతూ పోతూ వంగి, గోటితో కొమ్మ మీద చిన్న గీత గీసింది. బెరడు కింద పచ్చగా ఉంది. లోపలికి వెళ్లింది.

శకుంతల ఆ పచ్చగీతను రోజూ దేవుడి పటంలాగా చూసుకుంది. ఎండుటాకులు ఏరి మొదట్లో పరిచింది. పడమటి ఎండకు గోనెపట్టా కట్టింది, గాలికి ఊడితే మళ్లీ కట్టింది. మోకాళ్లకు నూనె రాసుకునేటప్పుడు ఇంత చెట్టుకు కూడా రాద్దామా అనిపించేది. రాయలేదు, ఆపాటి బుద్ధి అప్పటికి వచ్చింది.

ఉగాది ముందు ఒక పొద్దున కణుపుల దగ్గర ఎర్రటి మొగ్గలు కనిపించాయి. ఆవగింజంత. రెండు రోజులకు విచ్చుకున్నాయి, పసిపిల్లల చేతులలాగా ముడుచుకుని ఉన్న బుల్లి బుల్లి ఆకులు. పాత ఆకుల కంటే చిన్నవి, కానీ ఇంకా ఎర్రవి. శకుంతల గల్లీ అంతా వినబడేట్టు కేకేసింది. పద్మలత పరుగెత్తుకొచ్చింది. చెట్టు ముందు కూర్చుని ఒక్కో ఆకునూ వేలికొసతో తాకి చూసింది. ఆమె కళ్లు నిండాయి. శకుంతలకు గుండెల మీది బండ దిగింది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, మనసులో ఉన్నదంతా కక్కేస్తుంది అని ఎదురుచూసింది.

"మీరు శాన కష్టపడ్డరు వదినె" అన్నది పద్మలత, కళ్లు తుడుచుకుంటూ. "పోయి జర కూసోండి. చాయ్ తెస్త."

ఇగో, మళ్లీ మొదటికొచ్చింది! చెట్టు చిగురించింది గానీ మర్యాద మోడు అట్లాగే ఉంది. తను పెట్టుకున్న ఒప్పందం ప్రకారం శకుంతల ఈ ఇంట్లో ఉండవచ్చు. కానీ చుట్టంగా ఎన్నేళ్లుంటుంది మనిషి? రోజూ పొద్దున మంచం దగ్గరికి వచ్చే ఆ చాయ్ ఆమెకు చేదుగా తగలసాగింది. ఒకటి రెండుసార్లు ఘన్‌పూర్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, అర్రలేమైనా ఖాళీ ఉన్నాయా అని అడిగింది కూడా.

ఉగాది పండుగ రోజు గల్లీ ఆడవాళ్లు పచ్చడి పంచుకోవడానికి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు పెరట్లోకి పోయి చెట్టు చూశారు. ఎంత ముద్దుగున్నదమ్మా అన్నవాళ్లొకరు, మాకో కొమ్మియ్యరాదు అన్నవాళ్లొకరు. ఫొటోలు తీసుకున్నవాళ్లు ఇంకొందరు. మర్నాడు చూస్తే నాలుగైదు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. ఎండ ముదురుతోంది, వేడిగాలి తగిలింది, అంతే సంగతి. పద్మలత చూసి గోనెపట్టా ఇంకొంచెం కిందికి దించింది. శకుంతల మాత్రం అసలు కారణం పట్టేసింది. దిష్టి! అంతమంది కళ్లు పడితే పసిబిడ్డకే జ్వరమొస్తుంది, పసరు కూడా పట్టని ఆకుకు రాదా?

ఆదివారం పొద్దున, తమ్ముడు గడ్డం గీసుకుంటున్న సమయంలో, డబ్బాలోంచి రాళ్ల ఉప్పు పిడికిట నిండా తీసుకుంది. చెట్టు చుట్టూ అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పింది. ఊరి దిష్టి, వాడ దిష్టి, ఫొటోలు తీసినోళ్ల దిష్టి పోవాలనుకుంది. చాలదేమోనని ఇంకో రెండు పిడికిళ్లు తెచ్చి మళ్లీ తిప్పింది. ఇప్పుడు దీన్ని ఎక్కడ వెయ్యాలి? నిప్పుల్లో వేద్దామంటే ఇంట్లో గ్యాసు పొయ్యి. గల్లీలో వేస్తే వచ్చేపోయేవాళ్లు తొక్కుతారు. దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కని చోట పడాలి, అది శాస్త్రం. ఆ ఇంటి మొత్తంలో ఎవరూ కాలు పెట్టని చోటు ఒక్కటే ఉంది, చెట్టు చుట్టూ ఇటుకలు పేర్చిన ఆ గుండ్రం. ఉప్పంతా అందులో పోసి, కరిగి దిగిపోవాలని చెంబెడు నీళ్లు కూడా పోసింది. పోసి, చేతులు జోడించింది.

"వదినె, ఏం పోసినవ్ దాంట్ల?"

బట్టల బకెట్ పట్టుకుని పద్మలత వెనక నిలబడి ఉంది.

"దిష్టి తీసిన పద్మా. మాడిన ఆకు చూస్తివి గదా, అందుకని జరంత ఉప్పు..."

"ఉప్పా!"

ఆ కేకకు సపోటా చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. బట్టల బకెట్ నేల మీద దబ్బున పడింది, ఉతికిన చీరలు మట్టిలో పొర్లాయి.

"ఉప్పు పోసినవా! నీకేమన్న మతి ఉన్నదా వదినె! ఉప్పు నీళ్లు పడవనే గదా నేను ఇన్నేండ్ల సంది పక్కింటి నీళ్లు అడుక్కొచ్చి పోస్తాన! బోరు నీళ్లే పొయ్యని చెట్టుకు రాళ్ల ఉప్పు పోస్తవా? సంపుదామని కంకణం కట్టుకున్నవా దీన్ని? లే, జరుగు! గట్ల చేతులు జోడిచ్చుకొని నిలవడకు! చాట తే! తట్ట తే! ఏదన్న తే!"

ఇటుకలు కాలితో తన్నేసి, రెండు చేతులతో మట్టి గీకడం మొదలుపెట్టింది పద్మలత. శకుంతల తట్ట తెచ్చి పక్కన కూలబడి తనూ గీకింది. పద్మలత చేతులు ఆగడం లేదు, నోరూ ఆగడం లేదు. ఇన్ని రోజులు దాచిందంతా కట్ట తెగినట్టు వచ్చిపడింది.

"ఆనాడు ఆకంత దూసినవ్! ఒక్క ఆకన్న ఉంచినవా? నోట్లె పెట్టుకుంటే గొంతు దిగలే నాకు! పెద్దమనిషి, కొత్తగొచ్చింది, ఏమనొద్దని తిన్న. తిని దుకాణంల బిందెల వెనుక కూసోని ఏడ్సిన, ఎరుకేనా నీకు? నీ పచ్చడి కూడ మంచిగ లేకుండె! చింతపండు దప్ప ఏం లేకుండె దాంట్ల! మళ్ల ఇంకింత వెయ్యనా అని అడిగినవ్ సూడు, అప్పుడు నా పానం పోయింది!"

"ఎందుకు వెయ్యమన్నవే మరి?"

"నోరు మూసుకొని మట్టి తియ్యి!"

గొడవ విని షహనాజ్ బేగం గోడ మీది నుంచి తొంగి చూసింది. ఏమైందని అడగలేదు, ఒకటికి రెండు బకెట్లు ఏసీ నీళ్లు అందించింది. గీకిన చోటల్లా ఆ నీళ్లు నిలువునా పోసి, ఉప్పు కిందికి కడిగారు. చెట్టు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీ ఆత్రం నాకు తెలుసు. ఆ తర్వాత ఒక కొమ్మ ఎండింది, మిగతాది నిలబడింది. కానీ ఆ పొద్దున అది ఆ ఇద్దరికీ తెలియదు. చావో బతుకో అన్నట్టే గీకుతున్నారు.

శకుంతల కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఉప్పు పోసినందుకు సిగ్గు ఉంది, చెట్టు ఏమవుతుందోనన్న భయమూ ఉంది, కాదనను. కానీ ఆ కన్నీళ్లు వాటివి కావు. తల్లి పోయిన తర్వాత ఇంత హక్కుగా తనను ఎవరూ తిట్టలేదు. దుకాణంలో అందరినీ తనే గదమాయించింది గానీ, తనను గదమాయించే మనిషి ఎవరున్నారు? ఒక్కో తిట్టూ ఒంటి మీద పడుతుంటే చలికి వణికేవాడికి గొంగడి కప్పినట్టు హాయిగా ఉంది ఆమెకు.

సరిగ్గా అప్పుడే వెంకట్రాజం వచ్చాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగగా, చేతిలో రేజర్‌తో పరుగెత్తుకొచ్చాడు.

"పద్మా! ఏందది? అక్క మీద గట్ల ఒర్రుతానవేంది? పెద్దదీ చిన్నదీ లేదా?"

పద్మలత చేతులు ఆగిపోయాయి. తను ఎవరిని, ఏమేం అన్నదో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. మట్టిచేత్తోనే కొంగు సర్దుకుంది. ఇప్పుడా నోరు మూతపడితే మళ్లీ తెరుచుకోదని శకుంతలకు తెలుసు. మళ్లీ ఆ కంచం, ఆ చాయ్, ఆ మర్యాద. మోకాలి మీద చెయ్యి వేసుకుని, నేల పట్టుకుని, ఎట్లాగో లేచి తమ్ముడి మీదికి పోయింది.

"నీకెందుకురా మధ్యల? మేమిద్దరం మాట్లాడుకుంటాంటే నువ్వెవడివి? గడ్డం గీసుకోపో!"

"అది గాదక్కా, నిన్ను..."

"నన్నే తిట్టింది, నిన్ను తిట్టిందా? చేసిన పనికి ఇంకా తక్కువనే తిట్టింది. లోపటికి నడువుమంటే!"

వెంకట్రాజం అక్కను చూశాడు, పెళ్లాన్ని చూశాడు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా మట్టి. ఒకరి కళ్లలో నీళ్లు, ఒకరి ముక్కు మీద బురద. ఏం అర్థం కాక, నురగ ఆరిపోతుంటే లోపలికి వెళ్లిపోయాడు.

శకుంతల మళ్లీ మెల్లగా కిందికి దిగి చెట్టు దగ్గర కూర్చుంది. పద్మలత తల దించుకుని ఉంది.

"ఇంకేమన్న ఉంటే అనేసెయ్" అన్నది శకుంతల.

పద్మలత తలెత్తి ఆడబిడ్డ ముఖంలోకి చూసింది. ఏం చూసిందో ఏమో గానీ, ముక్కు ఎగబీల్చి, తట్ట ఇటు తోసింది.

"అంట. ఎందుకనను? ముందుగాల ఆ ఉప్పుమట్టి అవతల పారబొయ్యి. మళ్ల కొత్తమట్టి తేవాలె. నా చీరెలు మట్టిల వడ్డయి, అవి మళ్ల పిండాలె, నువ్వే పిండాలె. ఇగ నుంచి ఈ చెట్టుకు నన్ను అడగకుంట ఏదన్న చేసినవో, నీ మోకాళ్లు నేనే ఇరగ్గొడ్త."

"చెయ్యనే తల్లీ, ఒర్రకు. గల్లీ అంత వింటాంది" అన్నది శకుంతల.

"విననియ్యి!" అన్నది పద్మలత. అని ఇంకో నాలుగు మాటలన్నది. శకుంతల వింటూ, మధ్యమధ్యలో ఎదురు చెబుతూ, ఉప్పుమట్టి తట్టకెత్తింది.